చెరకు సీమలో బంతి ఆట: మూతలు, విరామాలు

చక్కెర కర్మాగారం ఏడాది పొడవునా నడిచేది కాదు. చెరకు పక్వానికి వచ్చే నవంబరు ప్రాంతంలో గానుగ మొదలై, ఎండలు ముదిరే నాటికి ఆగిపోతుంది. ఈ కాలాన్నే రైతులూ కార్మికులూ క్రషింగ్ సీజన్ అంటారు. నరికిన చెరకు ఎండలో పడి ఉన్నకొద్దీ అందులోని చక్కెర శాతం తగ్గిపోతుంది కనుక ఏ రైతు ఏ రోజు కోత కోయాలో ఫ్యాక్టరీయే ముందుగా నిర్ణయించి పర్మిట్ ఇస్తుంది, ఆ చీటీ ఉన్న బండికే గేటు ముందు వరుసలో చోటు దొరుకుతుంది. సీజన్ ముగిశాక తాత్కాలిక కూలీలు ఊళ్ల దారి పడతారు. పర్మినెంటు కార్మికులు మాత్రం మిగిలి, బాయిలర్లు కడిగి, అరిగిన రోలర్లు విప్పి పళ్లు సరిచేయించి తిరిగి బిగిస్తారు. మంజీర కాలువల కింద, నిజామాబాద్ జిల్లా బోధన్ చుట్టూ విస్తరించిన చెరకు సీమకు ఈ తరహా ఆగడం, మళ్లీ మొదలవడం తరాల తరబడి అలవాటు. ఆగిన కాలంలో హాజరు పట్టీ ఒకటి చెక్కుచెదరకుండా ఉండి, యంత్రాన్ని కనిపెట్టుకునేవారు కొందరు జీతం మీద మిగిలి, వచ్చే పంటకు ముందే ఒప్పందం కుదిరి ఉన్నప్పుడే అది విరామం అవుతుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా అది మూతగా మారుతుంది. 2020లో కరోనా వల్ల ప్రపంచమంతటా ఆటస్థలాలు మూతపడినప్పుడు చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులలో కొన్ని ఎందుకు లేచాయో, మరికొన్ని ఎందుకు లేవలేదో తెలుసుకోవడానికి ఈ సీమ చరిత్ర బాగా ఉపకరిస్తుంది.

దిగువ లీగు అనే మాటను ముందుగా వివరించుకోవాలి. ఫుట్‌బాల్ నడిచే దేశాలలో క్లబ్బులన్నీ మెట్లుగా అమరి ఉంటాయి. పై మెట్టున టీవీ హక్కులతో, ప్రకటనలతో బతికే సంపన్న జట్లు, కింది మెట్లలో టికెట్టు డబ్బుతో, దాతల చందాలతో, యాజమాన్యాల దయతో నెట్టుకొచ్చే జట్లు ఉంటాయి. 2020 నాటికి భారతదేశంలో పై మెట్టు ఇండియన్ సూపర్ లీగ్, దాని కింద ఐ-లీగ్, దాని కింద మరొక జాతీయ విభాగం, ఆ తరువాత రాష్ట్ర, నగర, జిల్లా స్థాయి పోటీలు. హైదరాబాద్ నగర లీగుకు గొప్ప శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మీద రహీం లీగ్ అని పేరు. జిల్లాలకు వచ్చేసరికి లీగు అన్నది చాలావరకు కాగితం మీది మాట. దసరా సెలవులకో, ఎవరి జ్ఞాపకార్థమో జరిగే టోర్నీలు, బడుల మధ్య పోటీలు, వాటికి పిల్లలను తయారు చేసే పీఈటీ సార్లు, ఇంతే అక్కడి వ్యవస్థ. జాతీయ లీగుల పట్టికలలో నిజామాబాద్ పేరు క్లబ్బుగా కనిపించదు. అక్కడి నుంచి బయటికి వెళ్లిన ఆటగాళ్ల పుట్టిన ఊరి గడిలోనే కనిపిస్తుంది.

ఈ నేల మహమ్మారిని తొలిసారి చూసింది కరోనాతో కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజులలో, 1918లో, బొంబాయి రేవు నుంచి రైలు మార్గాల వెంట దేశమంతటా పాకిన ఇన్‌ఫ్లుయెంజా కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. అదే ఏడు వానలు కూడా ముఖం చాటేశాయి. నిజాం రాజ్యంలో 1911 జనాభా లెక్కల నాటికి దాదాపు 1 కోటి 33 లక్షలుగా ఉన్న జనం 1921 లెక్కలలో 1 కోటి 24 లక్షలకు దిగిపోయారు. పుట్టుకలు కలిసి పెరగవలసిన సంఖ్య పదేళ్లలో తొమ్మిది లక్షలు తగ్గిందంటే, ప్లేగు, కరువు, ఇన్‌ఫ్లుయెంజా కలిసి ఎన్ని ఇళ్లలో దీపం పెట్టే దిక్కు లేకుండా చేశాయో ఊహించుకోవచ్చు. అంటురోగుల కోసం ఆ దశాబ్దంలోనే వెలసిన ఆసుపత్రిని హైదరాబాద్ జనం నేటికీ కోరంటి దవాఖానా అనే పిలుస్తారు. అయితే అప్పటికి సికింద్రాబాద్ కంటోన్మెంటు పటాలాలకూ నగరంలోని కొన్ని బడులకూ పరిమితమై ఉన్న ఫుట్‌బాల్ నిజామాబాద్ జిల్లాలో వేళ్లూనుకోలేదు కనుక ఆ మహమ్మారి ఇక్కడ మూయించడానికి క్లబ్బంటూ లేదు. మంజీర ఇంకా వంపులు తిరుగుతూ గోదావరికి పోయే నదిగానే ఉండేది.

ఆ నది మీద అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల మధ్య 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ సీమ ఆర్థిక స్వరూపాన్నే మార్చివేసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో కట్టిన ఈ జలాశయం కింద రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టును ఉద్దేశించారు. అంత నీటికి తగిన పంట కావాలి, ఆ పంటకు తగిన కొనుగోలుదారు కావాలి. అలా 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దాని చుట్టూ ఏర్పడిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. జానకంపేట దగ్గర విడిపోయే రైలు శాఖ ఫ్యాక్టరీని నిజామాబాద్‌తో కలిపింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దీనికి పేరుండేది. క్వార్టర్లు, దవాఖానా, బడి, మైదానం ఉన్న ఇటువంటి పారిశ్రామిక కాలనీలే స్వాతంత్ర్యానంతర భారతదేశంలో ఆటలకు ఆలవాలం అయ్యాయి. ఎందుకంటే ఆటగాడికి కావలసింది ముందు తిండి, తరువాత తీరిక, ఆ తరువాత చదునైన నేల. నెల జీతం ఇచ్చే యజమాని ఉన్నచోట ఈ మూడూ ఒక్కసారిగా దొరికేవి. బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, బొంబాయిలో మఫత్‌లాల్, పంజాబులోని ఫగ్వాడాలో జేసీటీ బట్టల మిల్లు తమ తమ పేర్లతో జట్లను పోషించాయి. ఆటగాడు ఆ పద్ధతిలో ఉద్యోగి. ఆదివారం గోలు కొట్టినవాడు సోమవారం హాజరు వేయించుకునేవాడు.

హైదరాబాద్ రాజ్యంలో ఈ పద్ధతికి అత్యున్నత రూపం సిటీ పోలీసు జట్టు. ఇక్కడ కొంచెం ఆగి చూడవలసిన సంగతి ఒకటి ఉంది. దేశంలోనే పురాతనమైన ఫుట్‌బాల్ పోటీ డ్యూరాండ్ కప్ 1940 తరువాత యుద్ధం వల్ల, ఆపైన దేశవిభజన కల్లోలం వల్ల తొమ్మిదేళ్లపాటు జరగలేదు. ఈలోగా నిజాం రాజ్యం కూడా 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో కూలిపోయింది. పాలకులు మారారు, పరిపాలన మారింది, కొన్నాళ్లు సైనిక ప్రభుత్వం నడిచింది. అంతటి కుదుపు తరువాత 1950లో డ్యూరాండ్ తిరిగి మొదలైనప్పుడు కప్పు ఎగరేసుకుపోయింది కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్ కాదు. దాన్ని ఓడించిన హైదరాబాద్ సిటీ పోలీసు. ఆ ఏడాది నుంచే బొంబాయి రోవర్స్ కప్పును 1954 వరకు వరుసగా అయిదుసార్లు ఆ జట్టే గెలిచింది. దీన్ని ప్రతిభకు మాత్రమే ఆపాదించడం సగం నిజమే అవుతుంది. రాజ్యం పోయినా పోలీసు శాఖ పోలేదు. పట్టీలో పేర్లున్నాయి, జీతాలు అందుతున్నాయి, ఉదయం కవాతుకు వచ్చినవారే సాయంత్రం బంతికి వచ్చారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్న రహీం, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, ఈ ఆగిన ఏళ్లలోనూ స్థానిక పోటీలను వదలలేదు. పైన చెప్పిన మూడు షరతులూ ఇక్కడ నెరవేరాయి; తొమ్మిదేళ్ల జాతీయ మూత ఆ జట్టుకు విరామంగానే మిగిలింది.

రహీం పద్ధతి ఎంత చిన్న ఖర్చుల మీద ఆధారపడి నడిచేదో సికింద్రాబాద్ శివారు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఉదంతం వల్ల తెలుస్తుంది. సాధనకు రోజూ నగరానికి రావడానికి ఆ పేద కుర్రవాడికి సైకిల్ కిరాయి రోజుకు ఒక రూపాయి కావలసి వస్తే, దాన్ని రహీం ఏర్పాటు చేశారని బలరాం తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన భారత జట్లలో ఆ కుర్రవాడు ఆడాడు. దిగువ స్థాయి ఫుట్‌బాల్ ఆర్థికశాస్త్రమంతా ఆ రూపాయిలో ఉంది: మొత్తం చిన్నదే కానీ ప్రతిరోజూ ఎవరో ఒకరు ఇవ్వాలి. మహమ్మారి మొదట తెంచేది ఈ ప్రతిరోజునే.

యజమాని నీడన పెరిగిన ఆటకు యజమానితోపాటే ఆపద కూడా వస్తుంది. పోలీసులలోనూ ప్రభుత్వ రంగంలోనూ ఆటగాళ్ల నియామకాలు సన్నగిల్లిన కొద్దీ హైదరాబాద్ ఫుట్‌బాల్ వెలవెలబోయింది. ఫగ్వాడా జేసీటీ, 1996-97లో మొట్టమొదటి జాతీయ లీగు విజేత, 2011లో జట్టునే రద్దు చేసుకుంది. బోధన్‌లో జరిగింది ఇంకా పెద్దది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2002లో నిజాం షుగర్స్‌లోని 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించగా, నిజాం దక్కన్ షుగర్స్ పేరుతో నడిచిన ఆ కంపెనీ శక్కర్‌నగర్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లకు 2015 డిసెంబరు 23న లాకౌట్ ప్రకటించింది. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ దాని ఆస్తుల విక్రయ ప్రక్రియకు, అంటే లిక్విడేషన్‌కు ఆదేశించింది. నిజామాబాద్ పక్కన సారంగాపూర్‌లోని సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది. చెరకు వేసిన రైతు వరికి మళ్లాడు, లేదా కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీకి పంటను తోలాడు. కరోనా వచ్చేనాటికి ఈ సీమకు మూత అంటే నాలుగేళ్లు దాటిన పాత పరిచయం.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, మరునాటి నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్. ప్రభుత్వం చేతికందిన చట్టం 1897 నాటి అంటువ్యాధుల చట్టం, బొంబాయి ప్లేగు పుణ్యమా అని పుట్టినది. ఏప్రిల్‌లో నిజామాబాద్ పట్టణంలో కేసులు పెరిగి కొన్ని వాడలు కట్టడి ప్రాంతాలయ్యాయి. బోధన్ దాటి మహారాష్ట్రకు పోయే దారిలో సాలూర చెక్‌పోస్టు దగ్గర రాకపోకలు నిలిచాయి. మే నెలలో ఉత్తరాది కూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని 44వ నంబరు జాతీయ రహదారి వెంట జిల్లా మీదుగా నడిచిపోయారు. మైదానాలు మాత్రం ఖాళీగా లేవు. కిక్కిరిసిన కూరగాయల సంతలను రాష్ట్రంలోని చాలా పట్టణాలలో బడి మైదానాలకూ స్టేడియాలకూ తరలించారు. ఆట గీతలు గీసే సున్నంతోనే అమ్మకందారుకు ఒక గడి, కొనేవారికి మూడడుగుల ఎడంతో వరుసగా గుండ్రాలు గీశారు. పెనాల్టీ గీత ఉండవలసిన చోట టమాటా గంపలు వెలిశాయి. సంత కూడా లేని మైదానాలను తొలకరి తరువాత వయ్యారిభామ కమ్మేసింది. రోజూ పాతిక జతల కాళ్లు తొక్కే నేలలో ఆ కలుపు మొలవదు. ఒక్క వానకాలం వదిలేస్తే నడుము ఎత్తుకు లేస్తుంది, దాన్ని పీకడానికి కూలీ ఇచ్చే ఖాతా బడికీ ఉండదు, క్లబ్బుకూ ఉండదు.

మే 18 నుంచి ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు తెరవవచ్చని కేంద్ర హోం శాఖ అనుమతించినా, ఆ అనుమతి పెద్దవారికే పనికివచ్చింది. మార్చిలో ఆగిన ఐ-లీగ్‌ను మళ్లీ ఆడించకుండానే ముగించి, పట్టికలో ముందున్న మోహన్ బగాన్‌ను విజేతగా ప్రకటించారు. దాని కింది విభాగాన్ని సగంలో వదిలేసి, అక్టోబరులో అయిదు జట్లను కోల్‌కతాకు పిలిచి చిన్న అర్హత పోటీ పెట్టారు. మహమ్మదన్ స్పోర్టింగ్ గెలిచి పై మెట్టుకెక్కింది. ఆ తరువాత బయో బబుల్ అనే ఏర్పాటు వచ్చింది: ఆటగాళ్లు, సిబ్బంది, రిఫరీలు అందరినీ ఒకే ఊరి హోటళ్లలో ఉంచి, తరచూ పరీక్షలు చేస్తూ, మైదానం, గది తప్ప మరోచోటికి పోనివ్వకుండా పోటీని ముగించడం. వందల గదుల అద్దె, వేల పరీక్షల ఖర్చు పెట్టుకోగల లీగుకే అది సాధ్యం. సూపర్ లీగ్ రెండు సీజన్లను గోవాలోనే జరిపింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ తన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని 2021-22 సీజన్లో, 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి దేశ విజేత అయింది. విజయం హైదరాబాద్‌ది, చప్పట్లు గోవావి.

ఐ-లీగ్‌లో కొత్తగా అడుగుపెట్టిన శ్రీనిది దక్కన్ క్లబ్బుకు తొలి అనుభవమే మూత. 2021 డిసెంబరు చివరివారంలో కోల్‌కతా పరిసరాలలో లీగు మొదలైన కొద్ది రోజులకే బబుల్‌లోకి వైరస్ చొరబడి పోటీ ఆగిపోయింది, 2022 మార్చి మొదటివారంలో గానీ తిరిగి మొదలుకాలేదు. కొత్త జట్టు అయినా శ్రీనిది ఆ సీజన్లో మూడో స్థానంలో నిలిచింది. వెనుక ఒక విద్యాసంస్థ, దాని మైదానాలు, దాని జీతాల పట్టీ ఉండటం ఇందుకు కారణాలలో ఒకటి అనుకోవడంలో తప్పులేదు. పేరు మారింది కానీ ఇది పాత యజమాని పద్ధతే. జిల్లా జట్లకు అటువంటి వెన్ను లేదు. అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా 2020లో 150 కోట్ల డాలర్ల సహాయ ప్రణాళిక ప్రకటించి, ప్రతి సభ్య దేశ సంఘానికీ 10 లక్షల డాలర్లు, మహిళల ఆటకు అదనంగా 5 లక్షల డాలర్లు గ్రాంటుగా కేటాయించింది. జాతీయ సంఘం దాకా వచ్చే ఆ డబ్బు రాష్ట్రం, జిల్లా అనే రెండు మెట్లు దిగి, బ్యాంకు ఖాతా, రిజిస్ట్రేషన్ కాగితం కూడా సరిగాలేని టోర్నీ జట్టు దగ్గరికి రావాలంటే దారి ఎక్కడుంది?

ఇంగ్లండ్ ఉదాహరణ ఇక్కడ కొంత వెలుగు చూపుతుంది. అక్కడి ఏడో మెట్టు నుంచి కింది లీగుల 2019-20 సీజన్ ఫలితాలను జరగనట్టే కొట్టివేశారు. మూడు, నాలుగు మెట్లలో అప్పటివరకు ఆడిన మ్యాచ్‌లకు సగటు పాయింట్లు లెక్కగట్టి స్థానాలు తేల్చారు. చాలా క్లబ్బులు చితికిపోతాయని అందరూ అనుకున్నారు. కానీ 2020 సెప్టెంబరులో కోర్టు రద్దుచేసిన మాక్లెస్‌ఫీల్డ్ టౌన్ మహమ్మారికి ముందే జీతాల బకాయిలతో కుదేలై ఉంది. బరీ క్లబ్బును కరోనా పేరు కూడా ఎవరికీ తెలియని 2019 ఆగస్టులోనే లీగు నుంచి వెళ్లగొట్టారు. మాక్లెస్‌ఫీల్డ్ మైదానాన్ని కొన్న వ్యాపారి కొత్త పేరుతో జట్టు కట్టి, 2021లో తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టాడు. అక్కడ కింది నుంచి పైకి పాకడానికి తొమ్మిదో మెట్టు అనేదొకటి ఉంది. బోధన్ కుర్రవాడికి అటువంటి మెట్టు లేకపోవడమే అసలు కొరత. వైరస్ దాని మీద పడిన మరో దెబ్బ మాత్రమే.

జిల్లాలో ఆటకు మిగిలిన ఒకే ఒక పట్టీ బడి హాజరు పట్టీ. అదే ఎక్కువ కాలం మూతపడింది. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులకు బడులు తెరిచి, మార్చి 24న మళ్లీ మూసి, మే 12 నుంచి జూన్ 19 దాకా రెండో లాక్‌డౌన్ నడిపి, సెప్టెంబరు 1న గానీ అన్ని తరగతులకూ తెరవలేదు. పద్నాలుగేళ్ల లోపు, పదిహేడేళ్ల లోపు అని వయసు గీతలతో నడిచే బడి పోటీలలో ఒకటిన్నర ఏడాది పోవడమంటే ఒక జట్టు జట్టే గీత దాటిపోవడం. నిఖత్ జరీన్ వంటి బాక్సర్‌ను ప్రపంచానికిచ్చిన నిజామాబాద్‌లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. బాక్సర్ మిద్దె మీద తాడు ఆడుతూ, గాలిలో గుద్దులు విసురుతూ ఒంటరిగా ఒంటిని నిలబెట్టుకోగలదు, ఫుట్‌బాల్‌కు మాత్రం కనీసం రెండో మనిషి కావాలి.

మహిళల ఆటకు తగిలిన దెబ్బ ఇంకా లోతైనది. 2020 ఫిబ్రవరిలో బెంగుళూరులో ముగిసిన ఇండియన్ విమెన్స్ లీగ్, తరువాతి సీజన్ రద్దై, 2022 ఏప్రిల్‌లో భువనేశ్వర్‌లో గానీ తిరిగి మొదలుకాలేదు. భారత్‌లో 2020 నవంబరులో జరగవలసిన పదిహేడేళ్ల లోపు బాలికల ప్రపంచ కప్పు మొదట వాయిదాపడి తరువాత రద్దయింది. 2022లో అది వచ్చేసరికి మొదటి జట్టు పిల్లలు వయసు మీరిపోయారు. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఈ ఖాళీ ఏళ్లను దాటి నిలిచిన క్రీడాకారిణి. గోకులం కేరళ జట్టుతో ఆమె 2022 లీగు గెలిచింది. ఆ ఆగస్టులో ఆసియా క్లబ్ పోటీకి గోకులం తాష్కెంటు చేరాక, భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేయడంతో జట్టు ఆడకుండానే వెనుదిరగవలసి వచ్చింది. ఆ తరువాత ఆమె క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కు, అక్కడి నుంచి కొంతకాలానికి కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లింది. కేరళ, జాగ్రెబ్, కోల్‌కతా: ఆమె ఆడిన చోట్లలో తెలంగాణ క్లబ్బు లేదు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీని తిరిగి తెరిచే మార్గాలు చూడమని రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. తరువాతి ఏడాది, 2025 మేలో, సౌమ్య అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. అప్పుల భారంతో అప్పటికే చేతులు మారిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ ఏడాది అక్టోబరులోనే పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది.